తీగ సాగని మట్టి

మహారాజులు నేలను ఎత్తు చేసిన సందర్భాలు చరిత్రలో రెండే కనిపిస్తాయి: బతికుండగా కోటకు, పోయాక గోరీకి. మనిషి ఒళ్ళు కడుక్కున్న నీటికీ, నలుగురిలో పేరెత్తలేని నీటికీ కూడా ఒక ఉన్నతాసనం వేయవచ్చునని ఏ శాసనమూ చెప్పలేదు. శాసనకర్తలు వదిలేసిన ఆ ఖాళీని పూరించడానికే పుట్టినట్టు ఒకాయన ముప్పై ఏళ్ళుగా ఊరి శివార్లలోని పెరళ్ళలో ఇసుక దిబ్బలు కట్టిస్తున్నాడు. సర్టిఫికెట్టులో ఆయన హోదా రెండు వరుసల పొడవుంటుంది. జనం మాత్రం దిబ్బల ఇంజనీరు అన్నారు. మొదట వెక్కిరింపుగా అన్నారు, తరువాత అలవాటుగా అన్నారు, చివరికి ఆయనే ఫోనెత్తి "దిబ్బల ఇంజనీర్ని మాట్లాడుతున్నా" అనే స్థితికి వచ్చాడు. బిరుదులు సాధారణంగా ఇలాగే వస్తాయి.

ఆయన శాస్త్రం వినడానికి సులువు. నేల లోతుగా, గుల్లగా ఉన్నచోట ఇంటి మురుగునీటిని గోతిలోకి వదిలేస్తే మట్టే దాన్ని శుభ్రం చేసుకుంటుంది. రెండడుగులు తవ్వగానే ఊటనీరు పలకరించే చోట ఆ పప్పులుడకవు. అక్కడ నేల పైనే నడుమెత్తున కడిగిన ఇసుక పోసి, దాని కడుపులో చిల్లుల గొట్టాలు పరిచి, ట్యాంకులో తేరిన నీటిని ఒక చిన్న పంపుతో కొంచెం కొంచెంగా పైకి పంపాలి. ఆ నీరు ఇసుకలోంచి దిగి, అడుగునున్న అసలు నేలను చేరేసరికి తన గతాన్ని పూర్తిగా మరిచిపోయి ఉంటుంది. "ఇంతటి హృదయ పరివర్తన మనుషుల్లో నేను చూడలేదు" అని ఇంజనీరు తరచుగా అనేవాడు. ఎదుటివాళ్ళు నవ్వేవారు. ఆయన నవ్వేవాడు కాదు.

ఇంత ఘనమైన విద్య సొంత మనుషులకు అక్కరకు రావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. అక్కరకు వచ్చింది ఆయన అక్కకు.

అక్క దర్జీ. తల్లి పోయిననాటికి తమ్ముడికి తొమ్మిదేళ్ళు, ఆమెకు పందొమ్మిది. కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి చదివించింది. పెళ్ళి చేసుకున్నప్పుడు కూడా "నాతో పాటు వీడూ వస్తాడు" అని ముందే చెప్పి మరీ చేసుకుంది. బావ అప్పట్లో బస్సు కండక్టరు. "ఒక టిక్కెట్టు మీద ఇద్దరు ఎక్కారు" అని ఆ రోజు నుంచి ఈ రోజు వరకూ ఎత్తిపొడుస్తూనే, ఒక్కనాడూ దింపమనలేదు. పిల్లలు లేని ఆ ఇంట్లో బావమరిదే పిల్లవాడు, అతనే అతిథి, అతనే బలిపశువు.

ఇప్పుడు అక్క ఆసుపత్రిలో ఉంది. చికిత్స ముగిసింది; ఇక మందులు నొప్పికే. డాక్టరు "నెల" అన్నాడు, ఆ తరువాత గొంతు సవరించుకున్నాడు. అక్క కోరింది ఒక్కటే. "నన్ను ఇంటికి తీసుకుపొండి. కిటికీ పక్కన నా మంచం మీద పోతాను. ఇక్కడ ఫ్యాను చప్పుడుకి చావు కూడా దగ్గరికి రాదు." 

నర్సమ్మ అభ్యంతరం చెప్పలేదు, ఒక్క షరతు పెట్టింది. "రోజుకి నాలుగైదుసార్లు ఒళ్ళు తుడిచి, గుడ్డలు మార్చి, కడగాలి. మీ ఇంట్లో బాత్రూము పనిచేస్తే ఇవాళే తీసుకెళ్ళండి."

బాత్రూము పనిచెయ్యదు. పల్లంలో ఉన్న ఆ ఇంటి పాత గొయ్యి పక్కవాళ్ళ బావిలోకి ఊరుతోందని రెండు వారాల క్రితమే ఆరోగ్య శాఖ వాళ్ళు వచ్చి పూడ్పించి పోయారు. గోడకు నోటీసు అంటించారు: పద్ధతి ప్రకారం కొత్త ఏర్పాటు చేసుకునేవరకు మురుగునీటిని నేలలోకి వదలరాదు. బావ అప్పటినుంచి తువ్వాలు భుజాన వేసుకుని పక్కింటికి పోయి స్నానం చేసి వస్తున్నాడు. మంచం పట్టిన మనిషిని అలా పంపలేడు.

కాబట్టి ఇంజనీరు కొలతల సంచీ భుజాన వేసుకుని, తను పెరిగిన ఇంటికి వృత్తిరీత్యా మొదటిసారి వచ్చాడు.

"పడగ్గదులెన్ని బావా?"

"నీకు తెలీదేమిట్రా? పదిహేనేళ్ళు పడుకున్నావు కదా."

"ఫారంలో ఉంది. అడిగి రాయాలి."

"రెండు. ఒకదాంట్లో మీ అక్క. ఇంకోదాంట్లో మీ అక్క గుడ్డపీలికలు. నేను వరండా. వరండాకి కూడా గడి ఉందా నీ ఫారంలో?"

ఇంజనీరు రెండు అని రాసుకున్నాడు. పెరట్లో నాలుగు చోట్ల గుంతలు తీయించి, పలుగు దెబ్బకు రాలిన పెళ్ళలను వజ్రాల వర్తకుడిలా కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు. ఇరవై రెండు అంగుళాల దగ్గర మట్టిలో బూడిదరంగు మచ్చలు కనిపించాయి. వానాకాలంలో నీరు అంతదాకా లేచి నిలబడుతుందని దానర్థం. వాలు ఎటుందో చూసి, వాలుకు అడ్డంగా, సన్నగా, పొడవుగా దిబ్బను గీశాడు. ఆ రాత్రే పటం పూర్తయింది, రెండో రోజుకు అనుమతి వచ్చింది. ఐదో రోజుకు ఐదువేల లీటర్ల ట్యాంకూ, దాని పక్కన రెండువేల లీటర్ల పంపుగదీ నేలలో దిగాయి. ఊటనీటికి ట్యాంకు పైకి తేలకుండా ఇంజనీరు దానికి కాంక్రీటు దిమ్మెలు కట్టించాడు. బాత్రూము గొట్టాన్ని ట్యాంకుకు కలిపించాడు. సామ్రాజ్య స్థాపనలో ఇంత వేగం అరుదు. మిగిలింది దిబ్బ. నాలుగు రోజుల పని.

ఆరో రోజున వాన మొదలైంది. మూడు రోజులు కురిసింది.

ఇసుక పోయడానికి ముందు అడుగునేలను ఒక్కసారి పైపైన దున్నాలి. పొడి మట్టిని దున్నితే లక్ష నోళ్ళు తెరుస్తుంది. తడి మట్టిని దున్నితే నాగటి పళ్ళు దాన్ని తాపీతో మెత్తినట్టు మెత్తేస్తాయి. ఆ నోళ్ళన్నీ మూసుకుపోతాయి. పైన ఎంత అందమైన దిబ్బ పెట్టినా నీరు దిగదు, కొన్నాళ్ళకు అంచుల్లోంచి చెమర్చి ముక్కులకు సమాచారం అందిస్తుంది. మట్టి ఆరిందో లేదో తేల్చే పరీక్ష ఒకటే: జానెడు లోతునుంచి చిటికెడు మట్టి తీసి అరచేతుల మధ్య నలపాలి. తీగలా సాగితే ఆగాలి. పొడిగా రాలితే దున్నాలి. ఈ పరీక్షకు పరికరం అక్కరలేదు, ఓర్పు కావాలి. అది అద్దెకు దొరకదు.

వాన వెలిసిన మరునాటినుంచి రోజూ పొద్దున్నే బావ పెరట్లో గొంతుకూర్చుని మట్టి నలిపేవాడు. ఇంజనీరు నిలబడి చూసేవాడు. తరువాత ఇద్దరూ ఆసుపత్రికి పోయేవారు.

"తీగ సాగిందా?" అని అడిగేది అక్క, వాళ్ళు స్టూళ్ళు లాక్కోకముందే.

"సాగిందక్కా."

"ఎంత?"

ఇంజనీరు రెండు వేళ్ళతో చూపించేవాడు.

"నిన్నటికంటే అరంగుళం తగ్గింది" అనేది. నలభై ఏళ్ళు టేపు మెడలో వేసుకున్న మనిషి కళ్ళు తప్పు చెప్పవు. "ఫరవాలేదురా, ఆరుతోంది. ఏమండీ, ఆ గోళ్ళలో మట్టేమిటి? చేతులు కడుక్కునైనా రావద్దూ?"

"కడుక్కోవాలంటే పక్కింటికి పోవాలి" అన్నాడు బావ. "వాళ్ళావిడ నన్ను చూస్తే తలుపేసుకుంటోంది. రోజుకి ఎన్నిసార్లని?"

అక్క నవ్వింది. నవ్వితే నొప్పి వస్తుంది కాబట్టి నర్సమ్మ దూరం నుంచి వేలు చూపించింది. 

"నా గొప్ప చూడరా" అంది అక్క. "నా ఇంటికి నేను పోవడానికి మట్టి అనుమతి ఇవ్వాలట. ఆఫీసర్లయితే ఎవరిచేతనైనా చెప్పించేవాళ్ళం. మట్టికి తెలిసినవాడివి నువ్వొక్కడివే. కాస్త సిఫారసు చెయ్యి."

"రెండ్రోజులక్కా. ఎండ కాస్తోంది."

"నువ్వు రెండ్రోజులంటే రెండ్రోజులే. నీ పని నీకు తెలుసు" అంది. ఆ మాటలో ఎగతాళి లేదు. తమ్ముడి విద్యలోని కంపును గురించి ఊరంతా నవ్వినా, ఆమె మాత్రం దాన్ని వైద్యంతో సమానంగా లెక్కవేసేది.

రెండు రోజులయ్యాయి. మబ్బు పట్టింది, వాన రాలేదు, ఎండా రాలేదు. తీగ సాగుతూనే ఉంది.

వాన వెలిసిన ఆరవనాటి పొద్దున ఇంజనీరు వచ్చేసరికి ఇంటి ముందు ట్రాక్టరు నిలబడి ఉంది. బావే పిలిపించాడు. డ్రైవరు పేరు నిదానం. తల్లిదండ్రులు పెట్టింది కాదు, పని చేయించుకున్నవాళ్ళు పెట్టింది. అతను మడ్‌గార్డు మీద కూర్చుని, తన ప్రమేయం లేని యుద్ధాన్ని చూడబోతున్నవాడి కుతూహలంతో కాళ్ళూపుతున్నాడు.

"దున్నేద్దాం రా" అన్నాడు బావ.

"ఇంకా తడి ఉంది బావా."

"తెలుసు. పొద్దున నేనే చూశాను. ఇంత సాగింది. అయినా దున్నేద్దాం."

"దున్నితే మెత్తుకుపోతుంది. ఆ తరువాత ఎంత ఇసుక పోసినా..."

"పాడవుతుంది. ఎప్పటికి పాడవుతుంది? అది చెప్పు."

ఇంజనీరు నిజాయితీగా ఆలోచించాడు. "రెండేళ్ళు. మహా అయితే మూడు."

"రెండేళ్ళు నేనేం చేసుకోనురా? నాకు రెండు వారాలు చాలు." బావ గొంతు పెద్దదైంది, కండక్టరు గొంతు, బస్సు చివరి సీటు దాకా వినిపించేది. "అది నిన్న రెండు చెంచాల నీళ్ళు తాగింది. మూడోది వద్దంది. నీ దిబ్బ పాడైతే మళ్ళీ కట్టుకుందాం. కూలిపోనీ. నేను అందులోనే పడుకుంటాను."

"మళ్ళీ కట్టడానికి ఉండదు బావా. ఈ పెరట్లో ఇంకో చోటు లేదు. నేల ఒకసారి మెత్తుకుపోతే అంతే. ముప్పై ఏళ్ళలో నేనొక్క చెడ్డ దిబ్బ కట్టలేదు. అక్క ఇంట్లో కట్టమంటావా?"

"సార్ చెప్పింది నిజమేనండీ" అన్నాడు నిదానం, ఎవరూ అడక్కుండానే. "తడిలో దింపితే చక్రాలు కూడా దిగబడతాయి. తరవాత నన్ను లాగడానికి ఇంకో ట్రాక్టరు కావాలి."

బావ ఇద్దరి వంకా చూశాడు. బస్సు నిండా జనం ఉన్నా టిక్కెట్టు లేనివాణ్ణి ఒక్క చూపులో పట్టుకునే ఆ కళ్ళు ఆ రోజు ఏదీ పట్టుకోలేకపోయాయి. "ఆసుపత్రికి టైమైంది" అని చొక్కా వేసుకోవడానికి లోపలికి పోయాడు. ట్రాక్టరు వెనక్కి వెళ్ళిపోయింది, నిదానంగా.

ఇంజనీరు గెలిచాడు. శాస్త్రం గెలిచినప్పుడు సాధారణంగా చప్పట్లు వినిపించవు. 

వాన వెలిసిన తొమ్మిదో రోజు పొద్దున పదిన్నరకు, ఫ్యాను చప్పుడు కింద, అక్క పోయింది. బావ పక్కనే ఉన్నాడు. ఇంజనీరు కింద మందుల కిటికీ దగ్గర వరుసలో ఉన్నాడు; ఆయన ముందు ఇద్దరే ఉన్నారు.

ఆమెను దహనం చేసిన మరునాడు పొద్దున్నే ఇంజనీరు ఫోను మోగింది.

"రాలిందిరా" అన్నాడు బావ.

"ఏమిటి?"

"మట్టి. నలిపితే పొడిగా రాలింది. ఎందుకు నలిపానో తెలీదు. లేవగానే పెరట్లోకి పోయాను. నిదానాన్ని పిలు. నాకూ స్నానం కావాలి కదా."

అలా ఆ మహాకట్టడం లేచింది. దాని నిర్మాణాన్ని వర్ణించడానికి తాళపత్రాలు చాలవు. నిదానం వాలుకు అడ్డంగా ఒక్కొక్క చాలు తీస్తుంటే నేల నల్లగా, గుల్లగా, బుద్ధిగా విచ్చుకుంది. దున్నిన చోట ఏ చక్రమూ మోపకుండా ఇసుకను పక్కనుంచే తోశారు. ఇంజనీరు ప్రతి లారీ నుంచీ దోసెడు ఇసుక తీసి సీసాలో నీళ్ళు పోసి గిలకొట్టి, అడుగున మడ్డి తేరకపోతేనే దింపనిచ్చాడు. ఒక లారీని తిప్పి పంపాడు. గొట్టాలకు చిల్లులు తనే వేశాడు, ఒక్కొక్కదాని అంచున లేచిన పొక్కు గీకాడు. కంకర, దాని మీద గుడ్డ, దాని మీద మట్టి. ఐదో రోజు సాయంత్రానికి పెరట్లో నడుమెత్తున, బోర్లించిన పడవలాంటి దిబ్బ నిలబడింది. ముప్పై ఏళ్ళలో ఆయన కట్టినవాటన్నిటిలో అదే గొప్పది. ఆయనకు ఆ సంగతి తెలుసు. తెలిసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆరో రోజు పంపు పరీక్ష. ట్యాంకు నింపడానికి నీళ్ళ ట్యాంకరు వచ్చింది. బావ దిబ్బ వాలు మీద పచ్చికగడ్డలు ఒకదానికొకటి ఆనించి పరుస్తున్నాడు. ట్యాంకరు డ్రైవరు మూత తీసి లావుపాటి గొట్టాన్ని లోపలికి దించి, అది నిండేలోగా మాటల్లో పడ్డాడు. గొట్టం పట్టుకున్న ప్రతివాడికీ సంభాషణ వృత్తిధర్మం.

"ఎంత పడుతుంది సార్ ఇందులో?"

"ఐదువేలు. పక్కది రెండు."

"పెద్దదే. ఎప్పుడు దింపారు?"

"మూడు వారాలు కావస్తోంది."

"మూడు వారాల్నుంచీ ఖాళీగా పెట్టారా?" డ్రైవరు ఆశ్చర్యపోయాడు. "ఇంటి గొట్టం కలిపే ఉంది కదా సార్. వాడేసుకోవలసింది. నిండగానే ఫోన్ కొడితే వచ్చి లాక్కుపోయేవాళ్ళం. తెచ్చే బండీ మాదే, తీసుకుపోయే బండీ మాదే. నేల ఆరేదాకా అందరం అలాగే చేస్తాం. ఆఫీసువాళ్ళు కూడా ఏమీ అనరు, కింద పొయ్యట్లేదు కదా."

ఇంజనీరు తల లెక్క వేస్తోంది. ఆపమన్నా ఆగదు, అదే దాని శిక్షణ. ఇద్దరు మనుషులు, ఒకరికి జబ్బు, రోజుకి మూడువందల లీటర్లు. ఏడువేలను మూడువందలతో భాగిస్తే ఇరవై మూడు రోజులు. బండి ఒక్కసారి కూడా రానక్కరలేదు. ట్యాంకు దిగిన రోజునే, వాన మొదలవకముందే, అక్కను ఇంటికి తెచ్చి ఉండవచ్చు. దిబ్బతో నిమిత్తం లేదు. మట్టి సిఫారసుతో నిమిత్తం లేదు. 

ఈ లెక్క ఆయన పుస్తకంలోనే ఉంది, ఆయన చేతిరాతతో, అక్క ఇంటి పేజీలోనే. ట్యాంకు ఎంత పెద్దదై ఉండాలో తేల్చడానికి వేసిన లెక్క అది. అయితే మురుగు లాగే బండి ఒక ఇంటి ముందు ఆగిందంటే ఇంజనీరు ఓడిపోయాడని ఆయన వృత్తిలో అర్థం. ముప్పై ఏళ్ళుగా ఆ బండి రాకుండా చేయడానికే ఆయన బతికాడు. వైద్యుడికి పాడె తట్టనట్టే ఆయనకు ఆ బండి తట్టలేదు. 

ట్యాంకరు వెళ్ళిపోయింది. ఇంజనీరు తలెత్తేసరికి బావ చేతిలో పచ్చికగడ్డతో అక్కడే నిలబడి ఉన్నాడు.

"విన్నాన్లే" అన్నాడు బావ. 

"బావా..."

"మీ అక్క కూడా ఇదే అడిగింది. వాన వెలిసిన మూడోనాడో, నాలుగోనాడో. నువ్వు నర్సుతో మాట్లాడుతున్నావు. 'పక్కా కుట్టు తరవాత వేసుకోవచ్చు కదండీ, అందాకా కచ్చా కుట్టేసి తొడుక్కుంటే పోలా? ట్యాంకు ఉండనే ఉంది, నిండితే బండివాడు లాగేస్తాడు' అంది." బావ గడ్డను వాలు మీద ఆనించి, అరచేత్తో తట్టాడు. "నేనన్నాను, 'నీకు తట్టింది వాడికి తట్టదటే? కుదిరేదైతే వాడే చెప్పేవాడు. ఏదో కారణం ఉండి ఉంటుంది.' 'అంతేలెండి, వాడి పనిలో మనం వేలు పెట్టకూడదు' అంది. మళ్ళీ ఎత్తలేదు."

గడ్డను ఇంకోసారి తట్టి అన్నాడు: "ఉంది కదరా? కారణం?"

కారణం ఉంది. నిమిషంలో చెప్పగలిగేది, శాస్త్రీయమైనది, తిరుగులేనిది. పల్లపు నేలలో ట్యాంకును లాగి ఖాళీ చేస్తే ఊటనీటికి అది పైకి తేలుతుంది, గొట్టాలు విరిగిపోతాయి అని చెప్పవచ్చు. దిమ్మెలు కట్టిన ట్యాంకు తేలదని బావకు తెలియదు. ఆ వాక్యం పూర్తిగా, క్రియాపదంతో సహా, ఇంజనీరు నాలుక మీదికి వచ్చి నిలబడింది. కానీ నేల గురించి ఆయన జీవితంలో ఒక్క అబద్ధం ఆడలేదు. 

"లేదు బావా. నాకు తట్టలేదు."

బావ రెండు చేతులూ దులుపుకున్నాడు. చాలాసేపు దులుపుకున్నాడు. 

"ఏదో ఒకటి చెప్పవలసిందిరా" అన్నాడు చివరికి, మెల్లగా. "నాకేమన్నా తెలిసేదా? నువ్వేం చెప్పినా నమ్మేవాణ్ణి. అది నమ్మి పోయింది. నేనూ అలాగే పోయేవాణ్ణి కదా."

ఇంజనీరు పంపు మీట నొక్కాడు. చేయగలిగింది మరేమీ కనిపించలేదు. దిబ్బ చివర్లలో నిలబెట్టిన మూడు పరీక్షగొట్టాల్లో నీరు లేచి, మూడింటా వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే ఎత్తున నిలిచింది; దిబ్బ అంతటా నీరు సమానంగా అందుతోందన్నమాట. ఆయన కాగితంలో ఆ అంకెనే మూడుసార్లు రాశాడు.

బావ దగ్గరికి వచ్చి కాగితం అందుకున్నాడు.

"ఇంటి యజమాని సంతకం ఎక్కడ పెట్టాలండీ?"

ఇంజనీరు చూపించాడు. బావ సంతకం పెట్టి, కలం మూత బిగించి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. "ఎండలో నిలబడకండి. వరండాలో కుర్చీ ఉంది" అని చెప్పి ఇంట్లోకి వెళ్ళాడు.

కొంతసేపటికి బాత్రూములో కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. పరచవలసిన పచ్చిక ఇంకా ఒక వరుస మిగిలి ఉంది. ఇంజనీరు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క గడ్డనే ఆనించసాగాడు. నీరు తన వంతుకు ట్యాంకు దాటి పంపుగదిలో చేరింది. పంపు దానంతటదే మోగి, పని ముగించి, దానంతటదే ఆగింది. లోపల కుళాయి మాత్రం ఆగలేదు.